ఒంగోలు కరువు కాలువా, 2222 మందీ

ఒంగోలు వైపు బాప్టిస్టుల మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు ఠపీమని "ఆఁ, కరువులో గంజి పోసి కలిపేసుకున్నార్లే" అనేస్తారు. ఈ ముక్క నేను కాలేజీలో విన్నాను, ఆఫీసు క్యాంటీన్లో విన్నాను, ఇక అంతర్జాలంలో అయితే లెక్కే లేదు. ఏ కరువు, ఏ సంవత్సరం, ఎవరు పోశారు, ఎంత పోశారు అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు. నాకు మతం మీద పెద్ద పట్టింపు లేదు, గుడికీ చర్చికీ సమానదూరంలో ఉండే బాపతు. కానీ తారీఖుల మీద పట్టింపు ఉంది. పైగా నేను చదివింది సివిల్ ఇంజనీరింగు (తిండి పెడుతున్నది జావా అనుకోండి, అది వేరే కథ), ఈ కథకి సరిగ్గా మధ్యలో ఒక కాలువ ఉంది. అందుకని కాస్త తీరిగ్గా చూద్దామనిపించింది.

ముందు ఒక చిన్న సంగతి. ఇప్పుడు ఒంగోల్లో జ్యూవెట్ మెమోరియల్ బాప్టిస్ట్ చర్చి అని ఉంది కదా, ఆ జ్యూవెట్ దొర పనిచేసిన అమెరికన్ బాప్టిస్ట్ మిషను అసలు బతికి బట్టకట్టాల్సింది కాదు. శామ్యూల్ డే అనే ఆయన 1836లో వచ్చి, అక్కడా ఇక్కడా తిరిగి 1840కి నెల్లూర్లో కుదురుకున్నాడు. లైమన్ జ్యూవెట్ 1849లో వచ్చి చేరాడు. ఏళ్ళ తరబడి పనిచేసినా చేతివేళ్ళతో లెక్కపెట్టేంతమందే కలిశారు. అమెరికాలో డబ్బులిచ్చేవాళ్ళకి విసుగొచ్చి ఈ ప్రాజెక్టు మూసేద్దామా అని ఒకసారి కాదు, మూడుసార్లు చర్చ పెట్టారు: 1848లో, 1853లో, 1862లో. 1853 సమావేశంలో మ్యాపు మీద నెల్లూరు ఒక్కటే చుక్కలా కనపడితే ఎవరో దాన్ని ఒంటి నక్షత్రం అన్నారట, శామ్యూల్ స్మిత్ అనే పాస్టరు గారు ఆ రాత్రికి రాత్రి దాని మీద పద్యం రాసి మర్నాడు చదివితే జనం కదిలిపోయారు. పద్యంతో ప్రాజెక్టు బతకడం నేనైతే ఇంకెక్కడా వినలేదు. మా మేనేజర్లకి ఎవరైనా చెప్పాలి :)

1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూవెట్, ఆయన భార్య, వాళ్ళతో పాటు నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు మన దేశపు క్రైస్తవులు ఒంగోలు పక్కనున్న కొండెక్కి ఇక్కడికి ఒక మనిషిని పంపించమని ప్రార్థన చేసుకున్నారు. ప్రార్థన కొండ అనే పేరు దీనివల్లే వచ్చింది. ఆ మనిషి రావడానికి పదకొండేళ్ళు పట్టింది. ఆయనే జాన్ ఎవరెట్ క్లౌ. 1865లో నెల్లూరు, 1866లో ఒంగోలు చేరాడు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే (గుంటూరు జిల్లా 1904లో, ఇప్పటి ప్రకాశం జిల్లా 1970లో వచ్చాయి). ఒంగోలు సంఘం 1867 జనవరి 1న మొదలైంది, ఎనిమిది మందితో.

క్లౌ గురించి ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆయన పాస్టరు కాకముందు, కుర్రతనంలో మిన్నెసోటాలో ప్రభుత్వ భూముల సర్వే బృందంలో పనిచేశాడు. గొలుసులు లాగడం, మట్టి కొలవడం తెలిసిన మనిషి.

ఇంతకీ నాకు ఈ కథలో అందరికంటే ఇష్టమైనవాడు క్లౌ కాదు, యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకి పడమర నలభై మైళ్ళ దూరంలోని ఒక మాదిగపల్లె వాడు. తోళ్ళ వ్యాపారం. పల్లెపల్లెకీ తిరిగి తోళ్ళు కొని అమ్మేవాడు. అంతకుముందే యోగం నేర్చుకున్నాడు, గురువుల దగ్గర మంత్రోపదేశం తీసుకున్నాడు, తనూ కొందరికి గురువయ్యాడు. ఈయన్ని ఎవరో వచ్చి మార్చలేదండీ, తనే ఎక్కడ ఏముందో వెతుక్కుంటూ ఏలూరు వైపు దాకా వెళ్ళి ఈ మతం సంగతి విని, ఒంగోలులో దొర ఉంటాడని తెలుసుకుని, భార్య నాగమ్మతో కలిసి నడిచొచ్చాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత తోళ్ళ కోసం తిరిగిన దారుల్లోనే ఈ కబురు మోసుకుంటూ తిరిగాడు. ఆ దారుల్లో ప్రతి పల్లెలో ఆయనకి చుట్టమో, బేరం చేసినవాడో, పాత శిష్యుడో ఉన్నారు. ఒక కొత్త మాట ఇంత తొందరగా ఎలా పాకిందీ అంటే, పాకడానికి దారి ముందే వేసి ఉంది. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఈ పాత బోధకులు చెప్పిన కథలన్నీ విని 'చెప్పులు కుట్టుకుంటూ' అని అర్థం వచ్చే పేరుతో 1899లో ఇంగ్లీషులో పుస్తకం వేసింది. మిషనరీలు రాసుకున్న చరిత్రల్లో మన వాళ్ళ పేర్లు, ఇళ్ళ సంగతులు ఇంత వివరంగా ఉన్నవి తక్కువ. అది లేకపోతే పేరయ్య మనకి ఒక లెక్కలో అంకెగా మిగిలేవాడు.

క్లౌకి మొదట్లో మాదిగల మీద ప్రత్యేకమైన ప్రేమేం లేదు. ఒంగోలు బ్రాహ్మణులు అడిగితే వాళ్ళ పిల్లల కోసం బడి పెట్టాడు, పెద్దకులాల వాళ్ళు వస్తారని ఆశ కూడా పడ్డాడు. ఇంతలో పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలైంది. వీళ్ళని చేర్చుకుంటే మా పిల్లల్ని మానిపిస్తాం అన్నారు ఊళ్ళోవాళ్ళు. ఆయనా, మొదటి భార్య హ్యారియెట్టూ వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు తగిలిందని ఆయనే చెప్పుకున్నాడు. అది నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. జరిగింది మాత్రం ఇదీ: మాదిగలు వచ్చారు, బ్రాహ్మణ పిల్లలు వెళ్ళిపోయారు, బడి ఖాళీ అయింది.

కలిసినవాళ్ళకి క్లౌ పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. పైకి చూస్తే ఏదో మామూలు మత నియమాల్లా ఉన్నాయి కదూ. కానీ అప్పటి ఊరు ఎలా నడిచేదో ఒకసారి ఆలోచించండి. కపిల బావికి తోలు బాన కుట్టేది మాదిగ. చెప్పులు కుట్టేది మాదిగ. జాతరలో డప్పు కొట్టేది మాదిగ. గొడ్డు చస్తే ఈడ్చుకెళ్ళేదీ వాళ్ళే, దాని తోలూ మాంసమే వాళ్ళ కూలి. కోతలప్పుడు కళ్ళంలో ఇన్ని గింజలు. కాగితం మీద లేకపోయినా తరాల నుంచి నడుస్తున్న ఒప్పందం అది. అందులో జాతర పని మానేస్తాం, చచ్చిన గొడ్డు తినం, వారానికో రోజు రాం అంటే మూడు దెబ్బలకి ఒప్పందం తెగిపోయినట్టే. అందుకే 1860ల చివర్లో ఊళ్ళకి ఊళ్ళే వీళ్ళ మీద పడ్డాయి. నీళ్ళు ఆపారు, పనులు ఆపారు, కొట్టారు, దొంగ కేసులు పెట్టారు. గమనించండి, ఇదంతా కరువుకి ముందు. 1876 నాటికే ఒంగోలు సంఘంలో మూడు వేలకి పైగా ఉన్నారు. వీళ్ళకి ఎవరూ గంజి పొయ్యలేదు, ఉన్న గంజి పోయింది.

ఇప్పుడు కరువు.

1876లో వానలు ఎగ్గొట్టాయి. 1877లో మళ్ళీ. మద్రాసు ప్రెసిడెన్సీ, మైసూరు, బొంబాయి దక్కను, నిజాం ఇలాకా, అన్నీ ఎండిపోయాయి. బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల్లోనే యాభై లక్షలకి పైగా చనిపోయారని అంచనా. కరువు పనుల కూలి మీద సర్ రిచర్డ్ టెంపుల్ అనే మహానుభావుడు ఒక ప్రయోగం చేశాడు: బరువైన పని చేసే మగవాడికి రోజుకి పౌను ధాన్యం (అంటే 450 గ్రాములు), పైన కాస్త చిల్లర. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది మనిషి బతకడానికి చాలదని మొత్తుకున్నాడు. అప్పుడు మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు. కోస్తా వెంబడి పాత ఉప్పునీటి కాలువని కలుపుకుంటూ తవ్వించిన పని ఆ కరువులో పెద్దది, అందుకే దానికి ఆయన పేరు. పెదగంజాం నుంచి మద్రాసు దాకా సముద్రం పక్కపక్కనే వెళ్తుంది. (2004 డిసెంబర్ 26 సునామీ అప్పుడు చాలా చోట్ల అలని ఈ కాలువే మింగి మళ్ళీ సముద్రంలోకి వదిలిందని తర్వాత పరిశోధకులు రాశారు. ఎవరు ఎందుకు తవ్వారో, ఎవరికి ఉపయోగపడిందో చూడండి.)

కరువు పనుల్లో మాదిగలకి ఎక్కడికి వెళ్ళినా ఒకటే గోల. మేస్త్రీలు పైకులాల వాళ్ళు. తిట్టడం, కొట్టడం, కొలతలో కోత, కూలిలో కోత. క్రైస్తవులకైతే ఆదివారం ఒకటి అదనపు తలనొప్పి. ఇది చూసి క్లౌ ఏం చేశాడంటే, ఒంగోలు వైపు మూడున్నర మైళ్ళ కాలువ పని తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. మన లెక్కలో అయిదున్నర కిలోమీటర్ల పైచిలుకు. సర్వే పని చేసినవాడని చెప్పాను కదా, అది ఇక్కడ అక్కరకొచ్చింది.

నేను ఒక విషయం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మట్టిపనిలో తగాదా ఎప్పుడూ కొలత దగ్గరే వస్తుంది. గొయ్యి పొడవు వెడల్పు లోతు, మట్టి ఎంత దూరం మోశారు, ఎంత ఎత్తుకి ఎత్తారు, వీటిని బట్టి కూలి. లీడ్, లిఫ్ట్ అని మాకు మూడో ఏడులో చెప్పారు, పరీక్షకి రాసి మర్చిపోయాను. పైగా మట్టిపని కులవృత్తిగా వచ్చింది వడ్డెర్లకి. తోలుపని చేసేవాడు, అదీ ఆరునెలలుగా కడుపునిండా తినని వాడు, పలుగూ తట్టా పట్టుకుంటే వడ్డెరతో సమానంగా ఎక్కడ తవ్వగలడు? కాబట్టి టేపు పట్టుకున్నవాడు ఎవడు అన్నది ఇక్కడ చావుబతుకుల ప్రశ్న. క్లౌ టేపు తన బోధకుల చేతికిచ్చాడు. వాళ్ళూ మాదిగలే. అంటే తవ్వేవాడికీ కొలిచేవాడికీ మధ్య అంటు లేదు, బూతు లేదు, కర్ర లేదు. గుడిసెలు వేయించారు, బావులు తవ్వించారు, ఆదివారం సెలవు. వేలమంది వచ్చి చేరారు, క్రైస్తవులు కానివాళ్ళు కూడా. కలరా అక్కడికీ వచ్చింది, చాలామంది పోయారు. పని మధ్యలో కాస్త కూలబడ్డప్పుడు బోధకులు పక్కన కూర్చుని మాట్లాడేవాళ్ళు. మత్తయి 11వ అధ్యాయంలో భారం మోసేవాళ్ళ గురించి ఒక వచనం ఉందే, ఎక్కువగా అదే చెప్పేవాళ్ళట. తట్ట నెత్తిన పెట్టుకున్నవాడికి దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

సరే, "చూశావా, పని పెట్టి కలిపేసుకున్నారు" అంటారు. ఇక్కడే తారీఖు చూడమనేది. కరువు సాయం నడిచినన్నాళ్ళూ, దాదాపు పదిహేను నెలలు, క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళని కూడా వెనక్కి పంపాడు. ఎందుకంటే, తిండి కోసం వచ్చారన్న మాట ఎవరో అంటారని ఆయనకి మనకంటే ముందే తెలుసు. కాలువ పని అయిపోయింది, ఆ తర్వాత విత్తనాలకీ పశువులకీ పంచిన లండన్ విరాళాల డబ్బూ అయిపోయింది. 1878 జూన్‌కి వానలు పడ్డాయి. పంచడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు తన క్రైస్తవుల్ని మాత్రం ఒకచోట కలుద్దామనుకుని, ఒంగోల్లో మశూచి ఉందని, పదిమైళ్ళ అవతల గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో కలుద్దాం అన్నాడు. క్రైస్తవులు కానివాళ్ళు కూడా వేలల్లో దిగారు. మాకు డబ్బులొద్దు, కలుపుకోండి, చాలు అన్నారు.

జులై 2న 614 మంది. 3న 2222 మంది. 4న 700. మూడు రోజుల్లో మొత్తం 3536. ఆ ఏడాది ఆఖరుకి తొమ్మిది వేలు దాటింది.

2222 అంకె నమ్మబుద్ధి కాక నేను లెక్కేసి చూశాను. ఆరుగురు తెలుగు బోధకులు వంతులేసుకుని, ఒకేసారి ఇద్దరేసి నదిలో నిలబడ్డారు. క్లౌ ఒడ్డునే ఉన్నాడు, ఆయన ఒక్కరికి కూడా ఇవ్వలేదు. మధ్యాహ్నం ఎండకి ఆపింది తీసేస్తే తొమ్మిది గంటలు అనుకుందాం. ఒక్కో చోట 1111 మంది, అంటే ఒక్కొక్కరికి ఇరవై తొమ్మిది సెకన్లు. నీళ్ళలో ముంచి లేపడానికి సరిపోతుంది. అడగాల్సిన ప్రశ్నలు, రాయాల్సిన పేర్లు అంతకుముందే ఏ పల్లెకి ఆ పల్లె బోధకుడు చూసుకున్నాడు. ఆ రోజు అది కాస్త యంత్రంలా నడిచిందనడంలో సందేహం లేదు, అమెరికాలో కూడా ఇదేం తొందర అని సణిగినవాళ్ళున్నారు.

నిజం చెప్పాలంటే వచ్చినవాళ్ళకి ఏ ఆశా లేదని నేననను. రేపు కరణమో మునసబో మీద పడితే దొర ఒక చీటీ రాస్తాడన్న ఆశ తప్పకుండా ఉండి ఉంటుంది. ఎవరికి మాత్రం ఉండదు? కానీ అది గింజల మీద ఆశ కాదు. కాలువ గట్టు మీద వాళ్ళు మొదటిసారి చూసింది తమ పెదనాన్న కొడుకో, మేనమామో టేపు పట్టుకుని, తిట్టకుండా, సరిగ్గా కొలిచి, సరిగ్గా కూలి ఇప్పించడం. ఈ కథలో కరువు పాత్ర అదీ అని నాకనిపిస్తుంది. గింజలే అయితే, పంటలు పండాక తిరిగి వెళ్ళిపోవాలి కదా. 1880ల మొదట్లోనే ఒంగోలు సంఘం ఇరవై వేలు దాటి ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్టిస్టు సంఘం అనిపించుకుంది. కరువు పన్నెండేళ్ళ వెనక్కి పోయాక, 1890 డిసెంబర్ 28న, ఒంగోల్లో ఒక్క రోజే ఇంకో 1671 మంది కలిశారు.

ఆ తర్వాతది మీకు చాలావరకు తెలిసిందే. రామాపట్నంలో బోధకుల బడి (అది కరువుకి ముందే వచ్చింది), ఒంగోల్లో హైస్కూలు, క్లౌ పోయాక (1910లో పోయాడు) ఆయన పేరు మీద ఆస్పత్రి. నన్నడిగితే వీటన్నిటికంటే పెద్ద పని పల్లెల్లో జరిగింది. మాదిగపల్లెలో ఒక పాక, అందులో పగలు పలకలు, రాత్రి కీర్తనలు, బోధకుడే పంతులు. నోటు మీద వేలిముద్ర వేసే ముందు దాన్ని చదవగలిగిన మనిషి ఆ పల్లెలో ఒకడు తయారయ్యాడు. షావుకార్లకి ఇది డప్పు మానెయ్యడం కంటే ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది.

పొగడ్తలు చాలు, ఇక అవతలి వైపు. కులం పోయిందా అంటే పోలేదు. ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టుల్లో ఎక్కువమంది మాదిగలు, గుంటూరు లూథరన్లలో ఎక్కువమంది మాలలు. సంఘం పేరు చెబితే కులం ఊహించొచ్చు. పల్లెకి పల్లె కలిసి రావడం వల్ల పల్లె పల్లెలాగే ఉండిపోయింది, పెళ్ళిళ్ళు అందులో అందులోనే. తెలుగు బాప్టిస్టు సంఘాల సమాఖ్య (సమావేశం అంటారు) 1962లో సొంతంగా ఏర్పడి ఆస్తులూ అధికారం మన వాళ్ళ చేతికొచ్చాయి, దాంతో పాటు ఎన్నికలు, వర్గాలు, కోర్టు కేసులు అన్నీ వచ్చాయి. దొరల కాలంలో అంతా బాగుండేదని నిట్టూర్చేవాళ్ళతో నేను ఏకీభవించను, మన పంచాయితీ ఆఫీసులు ఇంతకంటే పద్ధతిగా ఏం నడుస్తున్నాయి గనక.

ఊరు మర్చిపోలేదన్న సంగతి 1985లో తెలిసింది. జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. పోయినవాళ్ళ పేర్లలో బైబిలు పేర్లున్నాయి. మిగిలినవాళ్ళు చీరాల పరిగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు, శిబిరం అక్కడే నడిచింది, దళిత మహాసభ ఆ ఉద్యమంలోంచే పుట్టింది. ఆ రాత్రి ఆ గేటు తెరిచి ఉండటం అనే సేవ ఏ నివేదికలోనూ అంకెగా రాదు.

ఇంకో లెక్క కూడా చూడాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి లేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను మతానికీ హోదాకీ ముడి తీసెయ్యమని చెప్పినా ఆ సిఫార్సుని అమలు చెయ్యలేదు. మన దగ్గర ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళని బీసీ-సి అన్నారు, రిజర్వేషను ఒక్క శాతం. అట్రాసిటీ చట్టం వర్తించదు. అంటే తిడితే మాదిగ, కేసు పెడితే క్రైస్తవుడు.

గింజల కోసం కలిశారనే మాటే నిజమైతే ఇంత నష్టం బేరం మూడు తరాలుగా ఎవరు చేస్తారు? చెయ్యలేక చాలామంది కాగితం మీద హిందూ మాదిగ అనే ఉంచుకున్నారు. వాళ్ళని మోసగాళ్ళంటారు కొందరు, నేను అనలేను. ఒంగోలు చుట్టుపక్కల ఇలాంటి ఇళ్ళు ఎన్నో. అన్న సర్టిఫికెట్లో ఎస్సీ, తమ్ముడి దాంట్లో బీసీ-సి, ఆదివారం పొద్దున ఇద్దరూ అదే చర్చిలో ఒకే బెంచీ మీద.